నలభై అడుగులు జరిగిన జెండా

"వకుళా! ఒసే వకుళా! ఎటు చూస్తున్నావే? ఎండెక్కిపోతోంది, ఫొటో తియ్యి!"

దమయంతి అక్క మూడోసారి పిలిచాక గానీ వకుళ ఈ లోకంలోకి రాలేదు. సాలూరులో మేనమామ ఫొటో స్టూడియోలో పనిచేసే వకుళ చాలా మంచి పిల్లే కానీ, అందమైనదేదైనా కంటపడితే చాలు, అది ఎవరిదో, అక్కడ ఎందుకుందో అడగడం మరిచిపోయేది.

పదో తరగతితో ఆమె చదువు ఆగిపోయింది. కానీ చేతిలో కెమెరా ఉంటే ఆమెకు ఏ లోటూ కనిపించేది కాదు. వానలో తడిసిన బస్టాండ్ కూడా ఆమె కళ్ళకు పెళ్ళిమండపంలా ఉండేది. కొండల మధ్య పుట్టి పెరిగిన పిల్ల. సముద్రాన్ని అంతకుముందు రెండే రెండుసార్లు చూసింది. అందుకే పెద్దమ్మ కూతురు దమయంతి పెళ్ళి కుదిరి, పెళ్ళికి ముందే కొన్ని ఫొటోలు తీయించుకుందామని అందరూ అనుకున్నప్పుడు, "గవ్వలపాలెం తీరానికి పోదాం" అని మొదట అన్నది వకుళే.

కార్తీకమాసం, ఆదివారం. తీరమంతా జనం. క్యారేజీలు విప్పుకుని తినేవాళ్ళు, ఇసుకలో గూళ్ళు కట్టే పిల్లలు, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని కెరటాన్ని చూసి కేకలు పెట్టే ఆడవాళ్ళు. వీళ్ళు వచ్చీ రాగానే మెడలో ఈల వేసుకున్న ఒక మనిషి ఎదురొచ్చాడు. నల్లటి ఒళ్ళు, ఉప్పు తగిలి రాగిరంగుకు తిరిగిన జుట్టు. ఆయన పేరు తాతారావు. ఒకప్పుడు సముద్రం మీద చేపల వేటకు వెళ్ళేవాడు. ఇప్పుడు ఆ తీరంలో లైఫ్ గార్డు.

"ఏ ఊరమ్మా మీది?" అన్నాడు.

"సాలూరు, బాబాయ్."

"ఓహో, కొండలోల్లా! అయితే ఇనండి. ఆ రెండు పసుపు జెండాలు కనిపిస్తన్నాయా? ఆటి మజ్జిన తానాలాడండి, గెంతండి, ఎవుడూ ఏటీ అనడు. అదిగో, ఆ ఎర్ర జెండా కాడికి మాత్రం కాలెట్టకండి."

వకుళ అటు చూసింది. ఎర్ర జెండా దగ్గర నీళ్ళు నున్నగా, నిమ్మళంగా ఉన్నాయి. పసుపు జెండాల మధ్యనే కెరటాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"అదేంటి బాబాయ్! అక్కడే కదా నీళ్ళు బుద్ధిగా ఉన్నాయి?"

తాతారావు నవ్వాడు. "అందరూ అదే అంటారు తల్లీ. కెరటం ఇరిగే కాడ నీరు మనిసిని ఒడ్డుకి తోస్తాది. ఇరగని కాడ లోపలికి లాగుతాది. పైకి నిద్దరోతున్నట్టుంటాది, కింద నడిచి ఎల్లిపోతుంటాది. పొరపాట్న అందులో సిక్కేవనుకో, ఒడ్డుకేసి ఈదకు, అలిసిపోతావు. ఒడ్డు ఎంబడే పక్కకి పో. సెయ్యెత్తు. నేనొస్తాను."

"నీళ్ళ కింద సంగతి నీకెలా తెలుస్తుంది?"

"ఇది సెప్తాది" అంటూ ఆయన సంచిలోంచి ఒక కురిడీ కొబ్బరికాయ తీశాడు. బాగా ఎండిపోయి, ఊపితే లోపల కొబ్బరి గడగడలాడే కాయ. రోజూ తెల్లారగానే దాన్ని నీళ్ళలోకి విసిరేవాడు. అది ఏ చోట లోపలికి కొట్టుకుపోతుందో నడుం మీద చేతులు పెట్టుకుని చూసేవాడు. అక్కడ ఎర్ర జెండా పాతేవాడు. లోపలికి పోయిన కాయ కాసేపటికి పక్క కెరటాల మీద ఎక్కి మళ్ళీ ఒడ్డుకొచ్చేది. "దాని దారే మన దారి" అనేవాడు.

"జెండా భలే ఉంది బాబాయ్. అంచుకి జరీ కూడా ఉంది!"

"ఉండదా మరి? జాతరలో గంగమ్మ తల్లికి ఎట్టిన సీర అది. మా ఇంటిది నూకాలమ్మ కత్తిరించి జెండా కుట్టింది. అందుకే మా ఊల్లో దాన్ని ఎవుడూ ముట్టడు. పసిపిల్లలు కూడా ముట్టరు. నేను పాతిందాన్ని మల్లీ నేనే తియ్యాల."

ఈ చివరి మాటలు వకుళ చెవిన పడ్డాయి, కానీ లోపలికి దిగలేదు. ఆమె చూపంతా జెండా మీదే ఉంది. నీలం ఆకాశం, నీలం నీళ్ళు, మధ్యలో ఎర్రగా ఎగురుతున్న చీర ముక్క. జరీ అంచు మీద ఎండ పడినప్పుడల్లా ఆమె చెయ్యి కెమెరా మీదకు పోయేది.

ఇంతలో తీరం ఆ చివర కొందరు కుర్రాళ్ళు లోతుకు వెళ్ళిపోతున్నారని ఎవరో అరిచారు. తాతారావు ఈల ఊదుకుంటూ అటు పరిగెత్తాడు.

ఎర్ర జెండా ఒంటరిగా ఎగురుతోంది.

"అక్కా," అంది వకుళ మెల్లగా, "ఆ జెండా భుజం మీదుగా పట్టుకుని తడి ఇసుక మీద నడువు. వెనక నుంచి గాలి. అబ్బ, ఎలా ఉంటుందో తెలుసా!"

"వద్దేమోనే. ఆయన ముట్టొద్దన్నాడుగా. వచ్చి తిడతాడేమో."

"ఒకే ఒక్క ఫొటో. మళ్ళీ పెట్టేద్దాం."

పెళ్ళికొడుకు రఘునందన్ పకపకా నవ్వాడు. "పెళ్ళి కాకుండానే నాకు ఎర్ర జెండా చూపించేస్తున్నారే!"

దమయంతి అతని వీపు మీద ఒక్కటిచ్చింది. ఆ నవ్వుల్లోనే వకుళ వెళ్ళి కర్రను రెండు చేతులతో పట్టుకుని ఊపి పీకింది. అది లోతుగానే పాతి ఉంది. పీకాక ఇసుకలో గుండ్రటి గుంట మిగిలింది.

ఫొటో నిజంగానే గొప్పగా వచ్చింది. ఎర్ర జెండా గాలికి విచ్చుకుని దమయంతి వెనక పెద్ద రెక్కలా నిలిచింది. ఆమె మొహంలో నవ్వు, పాదాల చుట్టూ తెల్లటి నురగ. వకుళ కెమెరాలోకి చూసి మళ్ళీ మళ్ళీ నొక్కింది. ఒక్క ఫొటో అన్నది ఇరవై అయింది.

జెండా తిరిగి పెడదామని వచ్చేసరికి గుంట లేదు. ఒక కెరటం వచ్చి అంతా నున్నగా తుడిచేసి వెళ్ళింది.

"ఇక్కడేనా?" అంది దమయంతి.

"ఇక్కడే అనుకుంటా. ఇసుకంతా ఒకటే కదక్కా!" అని వకుళ తన బలమంతా పెట్టి జెండాను పాతేసింది. అసలు చోటుకు అది నలభై అడుగులు పక్కన ఉంది. ఆమెకు అది తెలియదు. కొండల పిల్లకు ఇసుకంతా ఒకటే, నీళ్ళన్నీ ఒకటే.

అరగంట గడిచింది. వకుళ ఒక బోర్లించిన పడవ నీడలో కూర్చుని ఫొటోలు చూసుకుంటోంది. పక్క నుంచి ఒకాయన, ఆయన భార్య, పదేళ్ళ కూతురు నడిచి వెళ్ళారు. ఆ తండ్రి జాగ్రత్త గల మనిషి. కూతురి చెయ్యి వదలకుండా పట్టుకున్నాడు.

"చిన్మయీ, అదిగో ఎర్ర జెండా చూశావా? అటు పోకూడదు. పసుపు జెండాల దగ్గర కెరటాలు పెద్దవి, మనం ఇటు దూరంగా వచ్చేద్దాం. చూడు, ఇక్కడ నీళ్ళెంత నిమ్మళంగా ఉన్నాయో!"

ఆ మాటలు వకుళకు స్పష్టంగా వినిపించాయి. తల ఎత్తి ఒక్కసారి నీళ్ళ వైపు చూసి ఉంటే సరిపోయేది. కానీ ఆమె ఫొటోలో జరీ అంచును పెద్దది చేసి చూసుకుంటోంది. తరువాత ఎన్నో రోజులు ఆమె ఆ ఒక్క నిమిషాన్నే తలుచుకుంటూ ఉండేది.

"చిన్మయీ! అయ్యో, నా బిడ్డ! ఎవరైనా రండి!"

తల్లి కేక విని వకుళ లేచి నిలబడింది. నున్నటి నీళ్ళలో రెండు తలలు. తండ్రి ఒక చేత్తో కూతుర్ని పట్టుకుని రెండో చేత్తో ఒడ్డుకేసి ఈదుతున్నాడు. ఎంత ఈదినా ఒడ్డు దూరమే అవుతోంది. తాతారావు ఆ చివర నుంచి ఈల ఊదుతూ పరిగెత్తుకొచ్చాడు. తేలే ట్యూబు చంకన పెట్టుకుని దూకాడు.

"ఒడ్డుకి కాదు బాబూ! పక్కకి! పక్కకి రా!" ఆయన అరుపు కెరటాల మీదుగా వచ్చింది.

మొదట పాపను ట్యూబు మీదకు ఎక్కించాడు. తండ్రిని జబ్బ పట్టి లాగాడు. కొబ్బరికాయ తిరిగొచ్చే దారినే, పక్క కెరటాల మీదుగా, ఇద్దర్నీ తెచ్చి ఇసుక మీద పడేశాడు. ఆ లాగడంలో ఆయన కుడి భుజం కీలు తప్పింది. పాప మొహం నీలంగా ఉంది. కొంచెంసేపటికి దగ్గింది. నీళ్ళు కక్కింది. తల్లి ఆ పిల్ల మీద పడి ఏడ్చిన ఏడుపు తీరమంతా వినిపించింది. ఆస్పత్రిలో వారం రోజులుంది చిన్మయి. బతికింది.

అప్పటికప్పుడే తీరం బాధ్యత చూసే అధికారి వచ్చాడు. గుంపు చేరింది. ఆ తండ్రి తడిబట్టలతోనే చెప్పాడు. "ఎర్ర జెండాకి దూరంగానే దిగామండీ. చెప్పినట్టే చేశాం."

అధికారి జెండా వైపు చూశాడు, నీళ్ళ వైపు చూశాడు. "తాతారావ్! లాగే నీళ్ళు అక్కడుంటే జెండా ఇక్కడుందేమిటి? ఇది ఎవరు పాతారు?"

తాతారావు వేలాడుతున్న చేతిని రెండో చేత్తో పట్టుకుని జెండాకేసి చూశాడు. గంగమ్మ చీరను ఎవరైనా పీకి ఉంటారన్న ఊహే ఆయనకు రాలేదు. ఆ ఊళ్ళో పుట్టిన ఎవరికీ రాదు.

"నేనే బాబూ," అన్నాడు చివరికి. "పొద్దున్న నేనే పాతేను. కాయ ఇక్కడే కొట్టుకుపోయింది అనుకున్నాను. నా కన్నే తప్పినట్టుంది."

వకుళ నోరు తెరిచింది. దమయంతి ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుని చెవిలో అంది. "ఊరుకోవే! పాప బతికిందిగా. పెళ్ళి ముందు పోలీసులూ గొడవలూ మనకెందుకు?"

వకుళ నోరు మూసుకుంది.

అధికారి ఇంకేమీ అనకముందే తాతారావు ఎడంచేత్తో మెడలోని ఈల తీసి ఆయన చేతిలో పెట్టాడు. కొబ్బరికాయ సంచి తీసుకుని ఊరివైపు నడిచాడు. వెనక్కి తిరిగి సముద్రాన్ని చూడలేదు.

సాలూరు వచ్చాక వకుళకు ఆ ఫొటో చూడబుద్ధి కాలేదు. మేనమామ మాత్రం దాన్ని చూసి పొంగిపోయాడు. "ఒసేయ్, ఇన్నాళ్ళూ నీ చేతిలో ఇంత పనితనముందని తెలియలేదే!" అని మనిషంత ఎత్తున ప్రింటు తీయించి ఫ్రేము వేయించాడు. ఫాల్గుణంలో పెళ్ళి జరిగింది. కళ్యాణమండపం గుమ్మంలోనే ఆ ఫొటో నిలబెట్టారు. వచ్చినవాళ్ళంతా దాని ముందు ఆగేవారు. "ఎవరు తీశారండీ?" అనేవారు. ఎవరో వకుళను చూపించేవారు. ఆమె తల దించుకునేది. సిగ్గు అనుకునేవారు.

రఘునందన్ మేనమామ సన్యాసిరావు మాత్రం ఫొటో ముందు చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఆయన రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి.

"బాగులేదా తాతా?" అంది వకుళ.

"బొమ్మ బాగుంది తల్లీ. నేను ముప్పై ఏళ్ళు పట్టాల మీద ఎర్ర జెండా పట్టుకున్నాను. అది పట్టుకుని నవ్వే మనిషిని మాత్రం ఇప్పుడే చూస్తున్నాను." ఆయన కోపంగా అనలేదు. వింతగా అన్నాడు. "పట్టా విరిగిన చోటుకి ఇన్ని గజాల ముందు పాతాలి అని లెక్కుంటుంది. పాతి వచ్చాక కూడా అన్నం ముద్ద దిగదు. ఎవడైనా కదిపేశాడేమో అని. ఈ జెండా ఎవరిదమ్మా?"

వకుళ ఏదో పని ఉన్నట్టు లోపలికి వెళ్ళిపోయింది. పెళ్ళిపందిట్లో మేళం వాయిస్తుంటే ఆమెకు ఈల వినిపించింది.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా రెండు బస్సులు మారి గవ్వలపాలెం వెళ్ళింది. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు కూర్చుకుంది. అందమైన మాటలు, ఏడుపొచ్చే మాటలు. బస్సు దిగేసరికి అన్నీ మరిచిపోయింది.

తీరంలో పడవల పక్కన తాతారావు వల బాగుచేస్తున్నాడు. కుడి భుజం కొంచెం కిందికి దిగి ఉంది. పక్కనే నూకాలమ్మ చేపలు ఎండబెడుతోంది. ఆయన సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నాడు. అక్కడ పడవల దగ్గరున్న వాళ్ళందరూ నీళ్ళకేసి మొహం పెట్టుకున్నారు. ఆయనొక్కడే ఊరికేసి చూస్తున్నాడు.

వకుళను చూసి ఆయన మొహం విప్పారింది. "సాలూరు పిల్లవి కదూ? పొటోల పిల్లవి! మీ అక్క పెల్లయిపోయిందా?"

"అయింది బాబాయ్." ఆ పలకరింపుకి వకుళ ఇంకో అడుగు వెయ్యలేదు. ఇసుకలో కూలబడింది.

"కూసో తల్లీ, కూసో. నూకాలూ, మంచినీల్లియ్యి."

నూకాలమ్మ చెంబు అందించి నిట్టూర్చింది. "ఎవురైనా వొస్తే ఈ మాత్రం మాటాడతాడమ్మా. లేదంటే ఆ వల, ఈయన. ఆ రోజు కాన్నించి మల్లీ నీట్లో కాలెట్టనేదు. మోకాటి లోతు కూడా దిగడు. సముద్రం మీద పుట్టిన మనిసి, నీల్లంటే బయమట! ఆ కొత్త గార్డు కుర్రోడు మంచోడే. 'కాయ ఎలా ఎయ్యాలో సెప్పు మావా' అని రోజూ వొచ్చి బతిమాల్తన్నాడు. ఈయన నేర్పడు. ఆడు అందాజాగా పాతేసుకుంటన్నాడు జెండాలు. ఏ రోజు ఎవుడి బిడ్డ పోద్దో అని నాకు గుండె పీకుతాది."

"నా కాయ అబద్దం సెప్పిందే," అన్నాడు తాతారావు వల మీంచి తల ఎత్తకుండా. "మా అయ్య నేర్పిన ఇద్దె. ముప్పై ఏల్లు నమ్మేను. ఒక పసిదాన్ని మింగబోయింది. అబద్దం సెప్పేదాన్ని ఇంకొకడికి ఎలా నేర్పమంటావు?"

వకుళ లేచి నిలబడింది.

"అబద్ధం చెప్పింది కాయ కాదు బాబాయ్," అంది. ఆ మాట ఆమెకే సరిగా వినిపించలేదు. అదే సమయానికి ఒక పెద్ద కెరటం విరిగింది.

తాతారావు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఏటమ్మా? కెరటాల మోత. గట్టిగా సెప్పు!"

పడవల దగ్గర వాళ్ళు ఇటు చూశారు. ఎర్ర జెండా పట్టుకుని పోతున్న కొత్త గార్డు ఆగాడు. ఆ రోజు గుంపులో నోరు మూసుకున్న పిల్ల, ఈ రోజు ఇంకో గుంపు ముందు నిలబడింది. ఇప్పుడు మణికట్టు పట్టుకునే అక్క లేదు. దాక్కోవడానికి కెమెరా కూడా లేదు.

"జెండా పీకింది నేను బాబాయ్!" అని అరిచింది వకుళ. "నీ కన్ను తప్పలేదు! నీ కాయ తప్పలేదు! నువ్వు సరైన చోటే పాతావు! నేనే ఫొటో కోసం పీకాను! కెరటం గుంట చెరిపేస్తే తోచిన చోట పాతేశాను! ఆ పాప వాళ్ళు నా జెండా చూసి దిగారు! నువ్వు నీ కన్నే తప్పిందని చెబుతుంటే... నేను నీ పక్కనే ఉన్నాను బాబాయ్! విని ఊరుకున్నాను!"

నూకాలమ్మ చేతిలోంచి చేపల బుట్ట జారింది. వల మీద తాతారావు చెయ్యి ఆగింది. తరువాత ఆయన, నాలుగు నెలల్లో మొదటిసారి, మెల్లగా తల తిప్పి సముద్రం వైపు చూశాడు. ఆయన కళ్ళలో నీళ్ళు నిండాయి. ఆ పోయిన నాలుగు నెలల్ని మాత్రం ఎవరూ, ఎంత ఏడ్చినా వకుళ కూడా, తెచ్చి ఇవ్వలేరు.

ప్రాణాలు కాపాడటానికి పెట్టిన గుర్తును ఎంత ముద్దొచ్చినా ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఆ క్షణమే నోరు విప్పి చెప్పాలి, ఎందుకంటే మనం దాచుకున్న తప్పును ఏ పాపమూ తెలియని మరొకరు మోయాల్సి వస్తుంది.